టోరీలకు ఓటు పడని ఇళ్లు

1948 జూలై 4న మాంచెస్టర్‌లో జరిగిన లేబర్ పార్టీ సభలో ఆరోగ్య మంత్రి అన్యూరిన్ బెవన్ మాట్లాడారు. మర్నాడే బ్రిటన్‌లో జాతీయ ఆరోగ్య సేవ మొదలు కాబోతోంది. ధనిక, పేద తేడా లేకుండా అందరికీ ఉచితంగా వైద్యం అందించే ఆ వ్యవస్థను పట్టుబట్టి నిలబెట్టిన మనిషి ఆయనే. సభ పండగలా సాగాలి. కానీ మాటల మధ్యలో ఆయన పాత రోజుల్లోకి వెళ్లారు. వేల్స్‌లోని బొగ్గు గనుల ఊరు ట్రెడెగర్ ఆయనది. పని దొరక్క ఖాళీగా ఉన్న రోజుల్లో సోదరి సంపాదన మీద బతకమన్నారనీ, కాదంటే దేశం వదిలి వలస పొమ్మన్నారనీ గుర్తుచేసుకున్నారు. ఆ చేదును తనకు మిగిల్చిన టోరీల మీద, అంటే కన్జర్వేటివ్ పార్టీ వాళ్ల మీద, గుండెలో రగులుతున్న ద్వేషం ఎవరెంత బుజ్జగించినా చల్లారదనీ, తన మట్టుకు వాళ్లు చీడపురుగుల కన్నా హీనమనీ అనేశారు.

పెద్ద దుమారమే రేగింది. ప్రధాని అట్లీ ఆయన్ను మందలిస్తూ ఉత్తరం రాశారు. కన్జర్వేటివ్ పార్టీ కార్యకర్తలు ఆ తిట్టునే బిరుదుగా తగిలించుకుని క్లబ్బులు పెట్టుకున్నారు.

తిట్టు సంగతి అలా ఉంచి, దానికి బెవన్ చూపిన కారణం చూడండి. ఆయన పుస్తకాలు నమిలి మింగిన సోషలిస్టు. పరిశ్రమల జాతీయీకరణ, పన్నులు, సామ్రాజ్యం, యుద్ధం అంటూ కన్జర్వేటివ్‌లను ఏకడానికి ఆయన దగ్గర కావలసినంత సరంజామా ఉంది. అవేవీ ఎత్తలేదు. తన ఇంట్లో జరిగినది చెప్పారు.

బ్రిటన్‌లో ఈనాటికీ “ఎవరికైనా వేస్తాను గానీ టోరీలకు వేయను” అనే మనుషులు ఊరూరా కనిపిస్తారు. వాళ్లలో వామపక్షం వాళ్లు కొందరే. దేశభక్తి, కుటుంబం, పొదుపు, చర్చి, వలసలపై కట్టడి వంటి విషయాల్లో కన్జర్వేటివ్ పార్టీ చెప్పే మాటలతో ఏకీభవించేవాళ్లు ఎందరో అందులో ఉంటారు. అయినా బ్యాలెట్ కాగితం మీద ఆ పేరు పక్కన గుర్తు పెట్టడానికి చేయి రాదు. బయటి నుంచి చూసేవాళ్లకు ఇది మొండితనంగానో, తాతల నాటి అలవాటుగానో కనిపిస్తుంది. నాకు అలా అనిపించదు. ఈ నిరాకరణల చరిత్ర తిరగేస్తే ఒకటే దారం దొరుకుతుంది. ప్రభుత్వం వల్ల కలిగిన నష్టాన్ని జనం ఒకటి రెండు ఎన్నికల్లో మరిచిపోతారు. నష్టం చేస్తూ, “మీరు సరైన మనుషులు కారు” అని కూడా చెప్పిన పార్టీని మాత్రం మూడు తరాలు గుర్తుపెట్టుకుంటారు.

గనులు మూసినవాళ్లు ఇద్దరు, తిట్లు తిన్నది ఒకరు

ఈ తేడా బొగ్గు గనుల ఊళ్లలో బాగా తెలుస్తుంది. 1984 మార్చిలో జాతీయ బొగ్గు బోర్డు 20 గనులు మూసేస్తామని, దాదాపు 20,000 ఉద్యోగాలు పోతాయని ప్రకటించింది. యార్క్‌షైర్‌లోని కార్టన్‌వుడ్ గని దగ్గర రాజుకున్న సమ్మె ఏడాది పాటు సాగి, 1985 మార్చిలో కార్మికుల ఓటమితో ముగిసింది. ఆ తర్వాత గనులు వరసగా మూతపడ్డాయి. చివరి లోతు గని కెల్లింగ్లీ 2015 డిసెంబరులో ఆగిపోయింది.

ఇక్కడ లెక్క చూసేవాళ్లను తికమకపెట్టే విషయం ఒకటి ఉంది. సమ్మె నాటి కన్జర్వేటివ్ ప్రధాని మార్గరెట్ థాచర్ హయాంలో కన్నా 1960లలో లేబర్ ప్రధాని హెరాల్డ్ విల్సన్ హయాంలోనే ఎక్కువ గనులు మూతపడ్డాయి. మరి విల్సన్ పేరు చెబితే ఆ ఊళ్లలో ఎవరూ ఉమ్మేయరెందుకు? పార్టీ మీద గుడ్డి అభిమానమని కన్జర్వేటివ్‌లు అంటారు. అందులో కొంత నిజం లేకపోలేదు. అయితే విల్సన్ కాలంలో ఒక గని మూస్తే పక్క గనిలోనో, కొత్త ఫ్యాక్టరీలోనో పని దొరికేది. యూనియన్‌తో కూర్చుని మాట్లాడి మూసేవారు. 1984లో అలా జరగలేదు. వేరే పని లేని చోట, గుర్రాల మీద పోలీసుల్ని దింపి మూశారు.

దానికి తోడు మాటలు. 1984 జూలైలో థాచర్ తన పార్టీ ఎంపీల అంతరంగిక సమావేశంలో, అర్జెంటీనాతో జరిగిన ఫాక్‌లాండ్స్ యుద్ధంలో బయటి శత్రువుతో పోరాడామని, ఇప్పుడు లోపలి శత్రువుతో పోరాడాలని అన్నారు. ఆమె ఉద్దేశం యూనియన్ నాయకత్వం గురించే కావచ్చు. గని ఊళ్లలో మాత్రం ఆ మాట ఇంటింటికీ తగిలింది. రెండు ప్రపంచ యుద్ధాల్లో దేశానికి బొగ్గు తవ్విపెట్టిన కుటుంబాలవి. తమను అర్జెంటీనా సైన్యంతో కలిపి చెప్పడాన్ని వాళ్లు మింగలేకపోయారు.

పత్రికలకు అంతగా ఎక్కని మరో సంగతి ఉంది. సమ్మె చేసేవాళ్ల కుటుంబాలకు వచ్చే సామాజిక సాయంలో ప్రభుత్వం వారానికి 15 పౌండ్లు కోసేసేది. యూనియన్ వాళ్లకు సమ్మె భత్యం ఇస్తోందని అనుకుని, ఆ మేరకు తగ్గించాలని చట్టం. నిజానికి యూనియన్ ఆ భత్యం ఇవ్వడం లేదు. లేని డబ్బును ఉన్నట్టు లెక్కగట్టి, పిల్లల తిండి నుంచి కోశారన్నమాట. ఊరుమ్మడి వంటశాలలు నడిపి ఆ ఏడాదిని గట్టెక్కించింది ఆడవాళ్లు. అప్పటి పిల్లలకు ఇప్పుడు యాభై ఏళ్లు. వాళ్లకు గుర్తున్నది థాచర్ ద్రవ్య విధానం కాదు, ఆ వంటశాల ముందు నిలబడిన వరుస.

1984 జూన్ 18న బొగ్గును కోక్ అనే ఇంధనంగా మార్చే ఆర్‌గ్రీవ్ ప్లాంటు దగ్గర పోలీసులకూ కార్మికులకూ జరిగిన ఘర్షణలో 95 మంది మీద అల్లర్ల కేసులు పెట్టారు. పోలీసుల సాక్ష్యాలు నమ్మదగినవి కావని తేలడంతో ఏడాది తిరిగేసరికి విచారణ కుప్పకూలింది. 1991లో దక్షిణ యార్క్‌షైర్ పోలీసు శాఖ 39 మందికి పరిహారం చెల్లించింది. ఒక్క అధికారికీ శిక్ష పడలేదు. మూసే గనుల జాబితా 20 కాదు, 75 అని ప్రభుత్వం అప్పట్లోనే లోపల అనుకున్నట్టు 2014లో బయటపెట్టిన కేబినెట్ పత్రాలు చెప్పాయి. యూనియన్ నాయకుడు ఆర్థర్ స్కార్గిల్ అప్పుడు ఆ మాటే అంటే అబద్ధమని కొట్టిపారేశారు. ముప్పై ఏళ్ల తర్వాత వెలుగు చూసిన కాగితం పాత కోపానికి కొత్త ప్రాణం పోస్తుంది.

టోరీల కోట అయిన లివర్‌పూల్

లివర్‌పూల్ అంటే టోరీలు అడుగుపెట్టలేని ఊరని ఇప్పుడు అందరూ అనుకుంటారు. ఇరవయ్యో శతాబ్దంలో సగం దాకా ఆ నగర పాలన వాళ్ల చేతుల్లోనే ఉండేది. ప్రొటెస్టెంట్ కార్మికులు వాళ్లకే ఓటు వేసేవారు. కాబట్టి ఈ నిరాకరణ పుట్టుకతో వచ్చినది కాదు. దానికి తేదీలున్నాయి.

1981లో టాక్స్‌టెత్ ప్రాంతంలో అల్లర్లు జరిగాక, ఆర్థిక మంత్రి జెఫ్రీ హౌ ఆ నగరం మీద డబ్బు వృథా చేయవద్దని, క్రమబద్ధంగా క్షీణించనివ్వడం కూడా ఒక దారేనని థాచర్‌కు సూచించారు. ఆ పత్రాలు 2011 చివర్లో బయటికొచ్చాయి. 1989 ఏప్రిల్ 15న షెఫీల్డ్‌లోని హిల్స్‌బరో మైదానంలో ఫుట్‌బాల్ మ్యాచ్ చూడటానికి వెళ్లిన లివర్‌పూల్ అభిమానులు తొక్కిసలాటలో నలిగిపోయారు. మొత్తం 97 మంది ప్రాణాలు కోల్పోయారు. తప్పును కప్పిపుచ్చుకోవడానికి పోలీసులు చనిపోయినవాళ్ల మీదే నెపం నెట్టారు. తాగి వచ్చారని, శవాల జేబులు కొట్టారని ఒక పత్రిక మొదటి పేజీలో అచ్చేసింది. ఆ కథలు పత్రికల దాకా చేరవేసినవారిలో షెఫీల్డ్ కన్జర్వేటివ్ ఎంపీ ఒకరున్నారు. నెపం నెట్టిన ఆ పోలీసులు, ఆర్‌గ్రీవ్‌లో కేసులు పెట్టిన శాఖవారే. 2012లో స్వతంత్ర కమిటీ నిజాలు బయటపెట్టాక ప్రధాని డేవిడ్ కామెరాన్ పార్లమెంటులో క్షమాపణ చెప్పారు. 2016లో జ్యూరీ దాన్ని చట్టవిరుద్ధ మరణాలుగా తేల్చింది. అందుకు 27 ఏళ్లు పట్టింది.

మధ్యలో 2004లో బోరిస్ జాన్సన్ సంపాదకుడిగా ఉన్న వారపత్రిక, లివర్‌పూల్ జనం తమను తాము బాధితులుగా చూసుకుని మురిసిపోతారని సంపాదకీయం రాసింది. పార్టీ నాయకుడు పంపిస్తే ఆయన వెళ్లి క్షమాపణ చెప్పి వచ్చారు. పదిహేనేళ్ల తర్వాత ఆయనే ప్రధాని. ఆ నగరం ఏమనుకుని ఉంటుందో ఊహించుకోవచ్చు.

అయితే ఇదే లివర్‌పూల్ 2012లో మైకేల్ హెసెల్టైన్ అనే కన్జర్వేటివ్ నాయకుడికి నగర గౌరవ పౌరసత్వం ఇచ్చింది. ఆయన థాచర్ మంత్రి. అల్లర్ల తర్వాత హౌ సలహాను ఎదిరించి, లివర్‌పూల్ వచ్చి, వీధుల్లో తిరిగి, రేవు ప్రాంతాన్ని బాగుచేయించిన మనిషి. అదే పార్టీ, అదే ప్రభుత్వం. తమను మనుషులుగా చూసినవాణ్ణి ఊరు వేరుచేసి గుర్తుపెట్టుకుంది. టోరీలంటే గుడ్డి ద్వేషమే అయితే ఈ సన్మానం జరిగేది కాదు.

స్కాట్లాండ్ కథ పొడుగ్గా చెప్పనక్కర్లేదు. 1955 ఎన్నికల్లో అక్కడ కన్జర్వేటివ్‌ల మిత్రపక్షమైన యూనియనిస్టులకు సగానికి మించి ఓట్లు వచ్చాయి. 1997లో ఒక్క సీటూ రాలేదు. మధ్యలో పరిశ్రమలు పోవడం పెద్ద కారణమే. కానీ స్కాట్లాండ్‌లో ఇప్పటికీ చెప్పుకొనే పేరు పోల్ టాక్స్. కోటీశ్వరుడూ, కూలీ ఒకే మొత్తం కట్టే ఆ తలసరి పన్నును ఇంగ్లండ్ కన్నా ఏడాది ముందు, 1989లో అక్కడ అమలు చేశారు. “మా మీద ప్రయోగం చేశారు” అన్న మాట అప్పుడు పుట్టి అలాగే స్థిరపడింది. 2017లో 13 సీట్లు తెచ్చుకుని కాస్త కోలుకున్నప్పుడు కూడా, అక్కడి నాయకురాలు రూత్ డేవిడ్‌సన్ లండన్ పార్టీకి దూరంగా ఉన్నట్టు కనిపించడానికే శ్రమపడ్డారు.

ఇంటి లోపలికి వచ్చిన చట్టాలు

ఊరు మొత్తం పంచుకునే జ్ఞాపకాలు కొన్నయితే, ఒక్కో మనిషి ఒంటరిగా మోసేవి మరికొన్ని.

1988లో తెచ్చిన స్థానిక పాలన చట్టంలో 28వ సెక్షన్ ఉంది. స్వలింగ సంబంధాన్ని ఆమోదయోగ్యమైన “బూటకపు కుటుంబ సంబంధం”గా బడుల్లో బోధించడాన్ని ప్రోత్సహించకూడదని అది స్థానిక సంస్థలను ఆదేశించింది. ఆ సెక్షన్ కింద ఎవరికీ శిక్ష పడలేదు. పడవలసిన అవసరం కూడా రాలేదు. ఉపాధ్యాయులు భయపడి నోరు మూసుకుంటే చాలు, పని జరిగిపోయింది. తోటి పిల్లలు ఏడిపిస్తుంటే ఎవరితో చెప్పుకోవాలో తెలియక ఒక తరం పెరిగింది. 2003లో ఇంగ్లండ్, వేల్స్‌లలో ఆ సెక్షన్ రద్దయింది. 2009లో కామెరాన్ క్షమాపణ చెప్పారు. 2013లో ఆయన ప్రభుత్వమే స్వలింగ వివాహ చట్టం తెచ్చింది, దానికి మొదటి ఓటింగులో ఆయన సొంత ఎంపీల్లో అనుకూలించినవారి కన్నా వ్యతిరేకించినవారే ఎక్కువ. పార్టీ మారిందా, లేదా? మారిందనే నా అభిప్రాయం. కానీ పన్నెండేళ్ల వయసులో తన ఇల్లు బూటకమని చట్టం నోట విన్నవారికి, ముప్పై ఏళ్లు దాటాక వచ్చిన క్షమాపణ ఓటుగా మారి తీరాలని లేదు.

కరీబియన్ కుటుంబాలది మరో గాయం. 1948 జూన్‌లో ఎంపైర్ విండ్‌రష్ అనే ఓడలో వచ్చినవారితో మొదలైన వలసలవి. తల్లిదండ్రుల పాస్‌పోర్టుల మీద చిన్నపిల్లలుగా వచ్చి, యాభై ఏళ్లు పన్నులు కట్టి, బస్సులు నడిపి, ఆసుపత్రుల్లో పనిచేసిన మనుషుల్ని ఉన్నట్టుండి “మీరు ఇక్కడి వారేనని రుజువేమిటి?” అని అడిగారు. 2012 నుంచి హోం మంత్రి థెరిసా మే అమలు చేసిన విధానం అక్రమ వలసదారులకు బతుకు దుర్భరం చేయాలన్న ఉద్దేశంతో రూపొందింది. 2014, 2016 చట్టాలతో ఇంటి యజమాని, బ్యాంకు, యాజమాన్యం, ఆసుపత్రి అందరూ వలస తనిఖీదారులయ్యారు. కాగితం లేని పౌరులు నలిగిపోయారు. ఉద్యోగాలు పోయాయి, కాన్సర్ చికిత్స ఆగింది, కనీసం 83 మందిని దేశం నుంచి పొరపాటున పంపించేశారు. 2018లో ఆ కుంభకోణం బయటపడి హోం మంత్రి ఆంబర్ రడ్ రాజీనామా చేశారు. ఇక్కడ నిజాయితీగా చెప్పుకోవలసింది ఒకటుంది. వలసల మీద కాఠిన్యానికి పునాదులు వేసినవారిలో లేబర్ ప్రభుత్వాలూ ఉన్నాయి. అయినా “ఇళ్లకు వెళ్లిపొండి” అని రాసిన వ్యాన్లను 2013లో లండన్ వీధుల్లో తిప్పింది మాత్రం కన్జర్వేటివ్ హోం మంత్రే.

ఇటీవలి గాయం కోవిడ్ కాలానిది. అంత్యక్రియలకు కొద్దిమందినే అనుమతించిన రోజుల్లో, ఆసుపత్రి అద్దాల అవతల నుంచే తల్లిదండ్రుల్ని సాగనంపిన రోజుల్లో, ఆ నియమాలు రాసినవారి కార్యాలయంలోనే విందులు జరిగాయి. పోలీసులు 126 జరిమానాలు వేశారు. అందులో ప్రధాని జాన్సన్‌ది ఒకటి, అప్పటి ఆర్థిక మంత్రి రిషి సునాక్‌ది ఒకటి. విందుల వల్ల ఎవరికీ పైసా నష్టం లేదు, ఏ విధానమూ మారలేదు. కానీ అంతదాకా ఆ పార్టీకే ఓటు వేస్తూ వచ్చిన, నియమాలంటే గౌరవమున్న మధ్యతరగతి మనుషుల్ని కూడా అది దూరం చేసింది. నియమం పాటించినవాడు వెర్రివాడన్నట్టు అయింది.

కృతజ్ఞత కూడా ఇలాగే పనిచేస్తుంది

ఇదంతా చదివి ఇది ఒక పార్టీ నేరాల చిట్టా అనుకుంటే పొరపాటు. ఇదే సూత్రం రెండో వైపు నుంచీ పనిచేస్తుంది.

1972 ఆగస్టులో ఉగాండా నియంత ఇదీ అమీన్ ఆసియా వాసుల్ని 90 రోజుల్లో దేశం విడిచిపొమ్మన్నాడు. కన్జర్వేటివ్ ప్రధాని ఎడ్వర్డ్ హీత్, సొంత పార్టీలోనే వ్యతిరేకత ఉన్నా, సుమారు 28,000 మందికి బ్రిటన్ తలుపులు తెరిచారు. నాలుగేళ్ల ముందు, 1968లో, కెన్యా ఆసియా వాసుల ముఖాన చట్టంతో తలుపు వేసింది లేబర్ ప్రభుత్వం. లేబర్ చేతుల్లో ఉన్న లెస్టర్ నగరపాలక సంస్థ అయితే “మా ఊరికి రావద్దు” అని ఉగాండా పత్రికలో ప్రకటనే వేయించింది. సూట్‌కేసులతో దిగిన గుజరాతీ కుటుంబాల్లో కొన్ని ఈనాటికీ హీత్ పేరు తలుచుకుని టోరీలకే ఓటు వేస్తాయి. 2024లో దేశమంతటా తుడిచిపెట్టుకుపోయిన ఎన్నికలో కన్జర్వేటివ్‌లు కొత్తగా గెలుచుకున్న ఒకే ఒక్క స్థానం లెస్టర్ ఈస్ట్. అక్కడ లేబర్ మాజీలు విడిగా పోటీచేసి ఓట్లు చీల్చడమూ కలిసొచ్చింది, అది వేరే సంగతి.

1980లో థాచర్ ప్రభుత్వం నగరపాలక సంస్థల ఇళ్లను అద్దెదారులకే భారీ తగ్గింపుతో అమ్మింది. పదేళ్లలో పది లక్షలకు పైగా ఇళ్లు అలా చేతులు మారాయి. అద్దె ఇళ్ల కొరతకు ఆ అమ్మకాలే బీజం వేశాయని విమర్శ, అది సరైన విమర్శే. కానీ మొదటిసారి సొంతింటి కాగితం చేతికొచ్చిన కార్మికుడికి అది డబ్బు కన్నా పెద్దది. తన తలుపుకు తనకు నచ్చిన రంగు వేసుకునే హక్కు దొరికింది. ఆ గౌరవం ఇచ్చిన పార్టీకి ఆయన జీవితాంతం ఓటు వేస్తే తప్పు పట్టగలమా?

వీసా ముద్రల మధ్య తెలుగువారు

కామన్వెల్త్ దేశాల పౌరులు బ్రిటన్‌లో చట్టబద్ధంగా నివసిస్తుంటే పార్లమెంటు ఎన్నికల్లో ఓటు వేయవచ్చు. భారతీయ పాస్‌పోర్టుతో, విద్యార్థి వీసా మీద ఉన్నా సరే. గుంటూరు నుంచో కరీంనగర్ నుంచో వచ్చి ఏడాది తిరగని కుర్రవాడికి కూడా ఆ దేశ ప్రభుత్వాన్ని ఎన్నుకునే హక్కుందన్న సంగతి చాలామందికి తెలియదు.

ఈ ఓటర్లకు గనులూ, హిల్స్‌బరో జ్ఞాపకం లేవు. వాళ్ల లెక్కలు వలస నియమాల తేదీలతో మొదలవుతాయి. 2010 ప్రాంతంలో అప్పుచేసి వచ్చిన విద్యార్థికి 2012 ఏప్రిల్ గుర్తుంటుంది. చదువయ్యాక రెండేళ్లు పనిచేసుకునే వీసాను థెరిసా మే ఎత్తేసిన నెల అది. 2021లో వచ్చినవారికి అదే కన్జర్వేటివ్ పార్టీ వేరుగా కనిపిస్తుంది. ఆ సదుపాయాన్ని తిరిగి తెచ్చింది జాన్సన్ ప్రభుత్వం. అన్నదమ్ములిద్దరిలో పెద్దవాడు ఆ పార్టీ పేరెత్తితే మండిపడి, చిన్నవాడు మెచ్చుకుంటే ఆశ్చర్యపోనక్కర్లేదు. ఇద్దరూ తమ పాస్‌పోర్టులోని ముద్రను చూసి మాట్లాడుతున్నారు.

జీవిత భాగస్వామిని తెచ్చుకోవాలంటే ఏటా 18,600 పౌండ్లు సంపాదించాలన్న నియమం 2012 జూలైలో వచ్చింది. 2024 ఏప్రిల్‌లో అది 29,000 అయింది. 38,700 దాకా తీసుకెళ్తామని కూడా ప్రకటించారు. ప్రజాధనం మీద భారం పడకూడదన్నది వాదన, దాన్ని కాదనలేం. కానీ దుకాణంలోనో వృద్ధాశ్రమంలోనో పనిచేసే మనిషి చెవికి అది ఇంకోలా వినబడుతుంది. జీతం తక్కువైతే పెళ్లాంతో కాపురం చేసే అర్హత లేదన్నట్టే కదా. వీసా తీసుకునేవారు ఆరోగ్య సేవ కోసం కట్టే అదనపు రుసుము 2015లో ఏడాదికి 200 పౌండ్లు. 2024 ఫిబ్రవరి నాటికి 1,035. నలుగురున్న ఇంట్లో పిల్లలకు కొంత తగ్గింపు పోనూ, ఏళ్ల తరబడి వీసాకు ఒకేసారి చెల్లించాలి. జీతంలో పన్ను ఎలాగూ కోస్తారు. ఒకే వైద్యానికి రెండుసార్లు డబ్బు తీసుకుంటున్నారన్న ఫిర్యాదు వినని తెలుగు సమావేశం ఉండదు. 2024 మార్చి 11 నుంచి సంరక్షణ కార్మికులు కుటుంబాన్ని వెంట తెచ్చుకోవడానికి వీల్లేదన్నారు. బ్రిటన్ వృద్ధుల్ని కనిపెట్టుకునే మనిషి తన పిల్లల్ని మాత్రం వీడియో కాల్‌లోనే చూడాలి.

చిత్రమేమిటంటే, ఆరోగ్య రుసుము చివరి పెంపును 2023లో ప్రకటించింది భారతీయ మూలాలున్న మొదటి ప్రధాని రిషి సునాక్. ప్రభుత్వ ఉద్యోగుల జీతాల పెంపుకు డబ్బు కావలసి వస్తే వలసదారుల రుసుములు పెంచారు. దీపావళి నాడు ఆయన ప్రధాని పీఠానికి ఖాయమైతే మనవాళ్లు మిఠాయిలు పంచుకున్నారు. రంగు, పేరు కలిసినంత మాత్రాన నియమాలు కలవవని తెలియడానికి ఎక్కువ కాలం పట్టలేదు. వెనుకటి తరానికి ఇంకా పాత జ్ఞాపకాలున్నాయి. 1990లో నార్మన్ టెబిట్ అనే టోరీ నాయకుడు, వలస వచ్చినవారు క్రికెట్‌లో ఇంగ్లండ్‌ను బలపరుస్తారా, వదిలొచ్చిన దేశాన్నా అన్నదాన్ని విధేయతకు పరీక్షగా పెట్టారు. 2016 లండన్ మేయర్ ఎన్నికల్లో కన్జర్వేటివ్ ప్రచారం భారతీయ ఓటర్లకు ప్రత్యేకంగా కరపత్రాలు పంపింది. లేబర్ గెలిస్తే మీ ఇంటి నగల మీద పన్ను పడుతుందని అందులో హెచ్చరిక. మన ఇళ్లలో బంగారం ఉంటుందన్న మాట నిజమే. మన బుర్ర కూడా అందులోనే ఉంటుందనుకోవడంతో వచ్చింది చిక్కు. ఆ ఎన్నిక లేబర్ అభ్యర్థే గెలిచారు.

తెలుగువారంతా ఒకవైపే ఉన్నారనుకోకండి. 2024 ఎన్నికల్లో ఉదయ్ నాగరాజు లేబర్ తరఫున నార్త్ బెడ్‌ఫర్డ్‌షైర్‌లో, డాక్టర్ చంద్ర కన్నెగంటి కన్జర్వేటివ్ తరఫున స్టోక్ ఆన్ ట్రెంట్ సెంట్రల్‌లో పోటీచేశారు. ఇద్దరూ ఓడిపోయారు.

లేబర్‌కు కూడా తెలుగు ఇళ్లలో ఒక పాత బాకీ ఉంది. 2006లో భారతీయ వైద్యులు వర్క్ పర్మిట్ అవసరం లేకుండా శిక్షణ పొందే అవకాశాన్ని హఠాత్తుగా తీసేసింది ఆ పార్టీ ప్రభుత్వమే. పరీక్షలు పాసై, ఒక గదిలో ఆరుగురు సర్దుకుని, ఉద్యోగం కోసం ఎదురుచూస్తున్న వైద్యులు రోడ్డున పడ్డారు. మళ్లీ అధికారంలోకి వచ్చాక 2025లో విదేశాల నుంచి సంరక్షణ కార్మికుల నియామకాన్ని ఆపేసింది. శాశ్వత నివాసానికి అయిదేళ్ల గడువును పదేళ్లకు పెంచుతామంది. టోరీల మీద కోపంతో వేసిన ఓటు తమ వీసాకు రక్షణ కాదని ఆ ఏడాది చాలామందికి అర్థమైంది.

గోడ కూలిన రోజు

ఇంత గట్టి నిరాకరణ కూడా విరుగుతుంది. 2019 డిసెంబరులో ఇంగ్లండ్ ఉత్తర, మధ్య ప్రాంతాల్లోని పాత గని నియోజకవర్గాలు వరసగా కన్జర్వేటివ్‌ల ఖాతాలో పడ్డాయి. గని కార్మికుడిగా పనిచేసి, 1970 నుంచి ఎంపీగా ఉన్న డెనిస్ స్కిన్నర్ బోల్‌సోవర్‌లో ఓడిపోయారు. గెలిచిన మర్నాడు జాన్సన్, బ్యాలెట్ మీద గుర్తు పెట్టేముందు మీ చేయి వణికి ఉండవచ్చునని, ఈ ఓటు మీరు అరువిచ్చినదే కావచ్చునని ఆ ఓటర్లతో అన్నారు. ఆయన నోట వచ్చిన తెలివైన మాటల్లో అదొకటి.

చేయి ఎందుకు కదిలింది? యూరోపియన్ యూనియన్ నుంచి బయటికి రావాలని 2016లో ఓటు వేసిన ఆ ఊళ్లకు, మళ్లీ ఇంకోసారి ఓటు వేయాలన్న లేబర్ ప్రతిపాదన “మీకు తెలియక వేశారు” అన్నట్టు వినిపించింది. 2010లో లేబర్ ప్రధాని గోర్డన్ బ్రౌన్, వలసల గురించి అడిగిన సొంత పార్టీ పెద్దావిడను మైకు ఆన్‌లో ఉందని తెలియక సంకుచిత మనస్కురాలని విసుక్కున్న మాట ఎవరూ మరచిపోలేదు. ఈసారి అవమానించింది తమ పార్టీయే. పాత అవమానాన్ని కొత్త అవమానం పక్కకు నెట్టింది.

అరువిచ్చిన ఓటు తిరిగి వెళ్లిపోయింది. 2024లో కన్జర్వేటివ్‌లకు 121 సీట్లే మిగిలాయి, వాళ్ల చరిత్రలోనే అతి తక్కువ. కానీ ఆ ఓటంతా లేబర్ ఇంటికి చేరలేదు. సుమారు 40 శాతం మంది అసలు ఓటు వేయలేదు. రిఫార్మ్ పార్టీకి 14 శాతానికి పైగా పడ్డాయి. 2025 మే స్థానిక ఎన్నికల్లో గని కార్మిక ఉద్యమానికి పుట్టిల్లు లాంటి డర్హమ్ కౌంటీ పాలనను రిఫార్మ్ గెలుచుకుంది.

రిఫార్మ్ నాయకుడు నైజల్ ఫరాజ్ థాచర్ అభిమానినని దాచుకోకుండా చెప్పే మనిషి. యాష్‌ఫీల్డ్ ఎంపీ లీ ఆండర్సన్ ఆ పార్టీ ముఖాల్లో ఒకరు. ఆయన గనిలో పనిచేశారు, లేబర్ కౌన్సిలర్‌గా ఉన్నారు, 2019లో టోరీ ఎంపీ అయ్యారు, ఆ పార్టీ ఉపాధ్యక్షుడయ్యారు, 2024లో రిఫార్మ్‌లో చేరి ఆ సీటును నిలబెట్టుకున్నారు. టోరీలకు చచ్చినా వేయమన్న ఇళ్లు, టోరీల కన్నా కుడివైపున్న పార్టీకి ఓటు వేస్తున్నాయి. విధానాలు పోల్చి చూసేవారికి ఇది అర్థం కాదు. వంటశాల ముందు వరుసలో నిలబడ్డ కుటుంబానికి మాత్రం ఇందులో వైరుధ్యమేమీ లేదు. 1984లో వాళ్ల గడపకు వచ్చిన కాగితం మీద ఉన్నది రిఫార్మ్ పేరు కాదు.